మీ కథలో టిఫిన్ హోటల్ ఉందా? అయితే శవాన్ని ఎక్కడ పడేయాలో చూద్దాం

చిన్న ఊరు, ఇంటి హోటల్, గల్లాపెట్టె దగ్గర కూర్చునే అమ్మాయి, ఒక అనుమానాస్పద మరణం. ఇలాంటి డిటెక్టివ్ కథ రాయాలని చాలామందికి ఉంటుంది. మొదలుపెట్టాక మూడో అధ్యాయానికల్లా ఆ అమ్మాయి పోలీసులు చేయాల్సిన పనులన్నీ చేసేస్తూ ఉంటుంది. కాల్ డేటా తెప్పిస్తుంది, శవం చూసి టైము చెబుతుంది, అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పాడుబడ్డ మిల్లులోకి వెళుతుంది. హోటల్ మాత్రం వెనకాల బొమ్మలా ఉండిపోతుంది. దాని బదులు ఆవిడ లాయరమ్మ అయినా, టైలరమ్మ అయినా కథ అలాగే నడిచిపోతుంది. అప్పుడిక హోటల్ దేనికి?

కాబట్టి ముందు ఒక్క నియమం పెట్టుకోండి. హత్యని విప్పే ముఖ్యమైన ఆధారం హోటల్ నడిచే తీరులోంచే రావాలి. పొద్దున్నే పిండి తీసేవాళ్ళకి, ఖాతా రాసేవాళ్ళకి, క్యారేజీలు సర్దేవాళ్ళకి తప్ప ఎస్‌ఐకి, డాక్టరుకి, పేపరు విలేఖరికి కనపడని విషయం ఒకటి దొరకాలి. అది దొరికితే సగం కథ అయిపోయినట్టే.

ఊరు ఎంచుకోవడం దగ్గర మొదలుపెడదాం. ఊహించిన ఊరైనా ఫర్వాలేదు కానీ, నిజమైన ఊరిని మనసులో పెట్టుకుంటే పని తేలిక. నేనైతే అనకాపల్లి తీసుకుంటాను. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి అక్కడుంది. సీజన్లో తెల్లారకుండానే బళ్ళు దిగుతాయి, కళాసీలు, కమీషన్ ఏజెంట్లు, దిమ్మలు తెచ్చిన రైతులు అందరికీ ఇడ్లీ కావాలి. కొత్త అమావాస్యకి నూకాంబిక జాతర, ఆ రోజు ఎవరు ఊరివాళ్ళో ఎవరు బయటివాళ్ళో చెప్పలేం. 2022 ఏప్రిల్లో జిల్లా కేంద్రం అయింది, అంటే కలెక్టరేట్ వచ్చింది, ఆఫీసర్లొచ్చారు, స్థలాల మీద అందరి చూపూ పడింది. తాతల నాటి పెంకుటింట్లో నడుస్తున్న హోటల్ ఉన్న జాగా మీద అన్నదమ్ములకి ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొస్తుంది. ఇక నల్లబెల్లం సంగతి సరేసరి. సారా బట్టీలకి పోతుందని దాని మీద ఎక్సైజు వాళ్ళ కన్ను ఎప్పుడూ ఉంటుంది. ఒక్క ఊళ్ళోనే ఇన్ని కారణాలు పడి ఉంటే మాఫియా, విదేశీ ముఠా అంటూ ఎక్కడికో పోనక్కర్లేదు.

చిన్న ఊళ్ళో హత్యకి కారణం కూడా చిన్న ఊరంతే ఉండాలి. నాకు అన్నిటికన్నా నచ్చేది ప్రామిసరీ నోటు. రాసిన మూడేళ్ళకి నోటుకి కాలదోషం పడుతుంది, ఈలోపు ఎంతో కొంత కట్టి వెనక చెల్లు రాసి సంతకం పెడితే మళ్ళీ మూడేళ్ళు బతుకుతుంది. ఈ లెక్క మన ఊళ్ళలో తెలియని వాళ్ళుండరు. ఇప్పుడు చూడండి, వడ్డీ వ్యాపారి ఒకడు, అతని దగ్గర నోటు రాసిచ్చిన పెద్దమనిషి ఒకడు, గడువు ఇంకో పది రోజులుంది. పెద్దమనిషి చెల్లు రాయనంటాడు, వ్యాపారి కోర్టుకెళతానంటాడు. అప్పిచ్చినవాడు చచ్చినంత మాత్రాన అప్పు పోదు, వారసులు దావా వేయొచ్చు. కానీ నోటే దొరక్కపోతే? హంతకుడికి కావలసింది ఆ కాగితం. చూశారా, కత్తి తీయకముందే కథలో గడియారం నడవడం మొదలైంది. చిట్టీ డబ్బులు కూడా ఇలాగే పనికొస్తాయి. రిజిస్టరు చేయని చిట్టీ అయితే మరీ మంచిది, పోయిన డబ్బు గురించి ఎవడూ నోరు విప్పలేడు.

ఇక హోటల్. ఇక్కడ మాత్రం కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే మనవాళ్ళు హడావిడిగా దాటేసేది దీన్నే.

ముందురోజు సాయంత్రమే గ్రైండరు తిరుగుతుంది. తెల్లవారుజామునే టిఫిన్ మాస్టర్ పొయ్యి అంటిస్తాడు. సర్వర్లు, క్లీనర్లు, టీ మాస్టర్, వీళ్ళలో ఎవరు ఎవరి మీద చిరాగ్గా ఉన్నారో గల్లా మీద కూర్చున్న అమ్మాయికి తెలుసు. రోజూ వచ్చేవాళ్ళలో ఎవరు అల్లం చట్నీ వేసుకోరో, ఎవరికి షుగరో, ఎవరు మంగళవారం ఉల్లిపాయ తినరో, ఎవరి ఖాతా ఎంత పేరుకుపోయిందో, ఎవరు హఠాత్తుగా ఖాతా మొత్తం తీర్చేశారో తెలుసు. నాలుగు నెలల బాకీ ఒక్కరోజులో తీర్చినవాడిని చూసి పోలీసులకి అనుమానం రాదు, ఆవిడకి వస్తుంది. ఈమధ్య ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక ఇంకో గమ్మత్తు ఉంది. అందరూ రాజుగారూ రాజుగారూ అని పిలిచే మనిషి డబ్బు కొడితే ఆవిడ ఫోన్లో వేరే పేరు పడుతుంది. బ్యాంకు ఖాతాలో ఉన్న అసలు పేరు అది. టైము నిమిషంతో సహా ఉంటుంది. దీన్ని వదులుకోకండి.

హోటల్‌కి కూడా ఒక చిన్న తప్పు పెట్టండి. వాడాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండర్, కానీ వెనకవైపు గోనెపట్టా కింద రెండు 14.2 కిలోల ఇంటి సిలిండర్లు దాచి ఉన్నాయి. ఇది హత్య కాదు, దోపిడీ కాదు, ఊళ్ళో సగం మంది చేసేదే. కానీ ఎస్‌ఐ వచ్చి వెనకిల్లు చూస్తానంటే నాన్న తడబడతాడు. ఆ తడబాటుతో పోలీసులకి అనుమానం, కూతురికి భయం, రెండూ ఒకే చోట పుట్టాయి. ఇక ఆవిడ ఎందుకు పరిశోధన చేస్తోందని ఎవరూ అడగరు. కుతూహలం కొద్దీ హత్యల వెంట పడే అమ్మాయి మన ఊళ్ళలో నమ్మబుద్ధి కాదు, నాన్న పరువు కోసం, మూతపడబోతున్న హోటల్ కోసం అంటే నమ్ముతాం.

ఇప్పుడు శవం. హోటల్ కథ అనగానే అందరికీ విషం గుర్తొస్తుంది. నా మాట వినండి, విషాన్ని తప్పుదోవగా వాడుకోండి, అసలు కారణంగా వద్దు. దీనికి రెండు లాభాలున్నాయి. ఒకటి, చదివేవాళ్ళు ఎలాగూ సాంబారునే అనుమానిస్తారు, అనుమానించనివ్వండి. రెండు, విషం ఉందా లేదా అన్నది తేలడానికి టైము పడుతుంది. పోస్టుమార్టంలో కడుపు, కాలేయం, మూత్రపిండం భాగాలు తీసి సీసాల్లో చిక్కటి ఉప్పునీళ్ళలో వేసి సీలు చేసి ఫోరెన్సిక్ ల్యాబుకి పంపుతారు. అనకాపల్లి అయితే విశాఖలో ప్రాంతీయ ల్యాబు ఉంది. రిపోర్టుకి వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి నెలలు. అన్నాళ్ళూ హోటల్ నెత్తిన కత్తి వేలాడుతూ ఉంటుంది. మీకు కావలసిన టెన్షన్ అంతా అందులోనే ఉంది, విడిగా ఛేజింగులు పెట్టుకోనక్కర్లేదు.

తిండి గురించి రాసేటప్పుడు తప్పులు రాయకండి. పాడైన తిండి తిని రెండు ముద్దలకే నురగలు కక్కి పడిపోవడం సినిమాల్లోనే. మామూలు ఫుడ్ పాయిజన్‌కి గంటలు పడుతుంది, కొన్ని రకాలకి రోజు కూడా దాటొచ్చు, అదీ ఆ సాంబారు తిన్న పదిమందిలో చాలామందికి వస్తుంది. కాబట్టి మీ అమ్మాయి వేయాల్సిన మొదటి ప్రశ్న, "అదే గిన్నెలోంచి వడ్డించిన మిగతా అందరూ బాగానే ఉన్నారు కదా?" అని. అలాగని తిండితో ప్రాణాలు పోవని కాదు. 2013లో బీహార్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు, పురుగుమందు డబ్బాలో ఉంచిన నూనెతో వంట చేయడమే కారణం. అక్కడ చంపాలని ఎవరూ అనుకోలేదు. ఇలాంటి అనుమానం, అంటే ఇది హత్యా నిర్లక్ష్యమా అన్నది మీ కథలో మొదటి మూడొంతులూ నిలబడగలిగితే చాలా బాగుంటుంది. విషం పేరు, మోతాదు లాంటివి రాయాల్సిన అవసరం ఏ కథకీ లేదు, రాయకండి.

హోటల్ మీదికి వచ్చేది పోలీసులొక్కరే కాదన్నది కూడా గుర్తుంచుకోండి. ఫుడ్ సేఫ్టీ అధికారి వస్తాడు. చట్టం ప్రకారం శాంపిల్ నాలుగు భాగాలు చేసి సీలు వేయాలి, ఫుడ్ ఎనలిస్టు 14 రోజుల్లో రిపోర్టివ్వాలి. గోడకి వేలాడే ఫుడ్ లైసెన్సు సర్టిఫికెట్ మీద 14 అంకెల నంబరుంటుంది, అది చెల్లుతోందా లేదా అని అప్పుడు చూసుకుంటారు మనవాళ్ళు.

సరే, క్లూ ఎలా కట్టాలో ఒకటి చేసి చూపిస్తాను. వడ్డీ వ్యాపారి ఒంటరివాడు, లాడ్జి పక్క సందులో గది. మధ్యాహ్నం హోటల్‌కే వచ్చి భోంచేస్తాడు, రాత్రికి క్యారేజీ వెళుతుంది. కుర్రాడు సాయంత్రం గుమ్మం దగ్గర పెట్టేసి, పొద్దున్న ఖాళీ క్యారేజీ తెచ్చుకుంటాడు. శనివారం అతనికి ఒంటిపూట, అంటే మధ్యాహ్నం అన్నం, రాత్రికి ఇడ్లీలే. ఆదివారం పొద్దున గదిలో శవం కనపడింది. రాత్రి ఇడ్లీ తిని పోయాడని ఊరంతా అనుకుంది, క్యారేజీ ఖాళీగా గుమ్మం దగ్గరే ఉంది కాబట్టి పోలీసులూ అలాగే అనుకున్నారు.

క్యారేజీ చూసిన అమ్మాయికి మాత్రం రెండు సంగతులు తగిలాయి. క్యారేజీ కడిగి ఉంది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కడిగి పంపలేదు, కరివేపాకు రెబ్బలు అంచుకి అంటుకునే వచ్చేవి, దాని మీద క్లీనర్ రోజూ సణుగుతూనే ఉంటాడు. రెండోది, గిన్నెలు వరస మారి పేర్చి ఉన్నాయి. హోటల్లో చట్నీ గిన్నె ఎప్పుడూ పైన, ఇక్కడ అడుగున ఉంది. అంటే ఇడ్లీలు ఆయన తినలేదు, ఎవరో పారబోసి, అలవాటు కొద్దీ శుభ్రంగా కడిగి, తమకి తోచినట్టు పేర్చి పెట్టారు. తర్వాత హెడ్ కానిస్టేబుల్ నోటి నుంచి ఇంకో ముక్క జారుతుంది. కడుపులో అన్నం ఉందని డాక్టరుగారు అన్నారట, అదీ పెద్దగా అరగకుండా. శనివారం ఆయన అన్నం తినేది ఒంటిగంటకే. మరి రాత్రి పోయినవాడి కడుపులో మధ్యాహ్నపు అన్నం ఏమిటి? ఆయన పోయింది సాయంత్రంలోపే. రాత్రి బతికే ఉన్నాడని అందరూ అనుకోవాలని ఎవరో ఆ క్యారేజీని ఖాళీ చేశారు. ఇక ఆ రాత్రి హోటల్లోనే కూర్చుని, పదిమందికీ కనపడేలా పెసరట్టు ఉప్మా తిని, ఫోన్‌పే కొట్టి, రసీదులాంటి సాక్ష్యం సంపాదించుకున్న పెద్దమనిషి వైపు కథ దానంతటదే తిరుగుతుంది. మధ్యాహ్నం ఆయన ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

చూడండి, ఇందులో భూతద్దం లేదు, టార్చిలైటు లేదు. కడుపులో అన్నాన్ని బట్టి టైము నిమిషాలతో చెప్పలేరు, డాక్టర్లు కూడా సుమారుగానే చెబుతారు, కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్ముకోకుండా క్యారేజీతో జత చేశాను. ఒక్కో క్లూ విడిగా బలహీనంగా ఉండి, రెండూ కలిస్తే నిలబడాలి. ఆ శనివారం ఒంటిపూట సంగతి మొదటి అధ్యాయంలోనే, ఎవరూ పట్టించుకోని చోట, సర్వర్ విసుక్కుంటూ అన్న మాటగా వేసేయండి. చివర్లో కొత్తగా బయటపెడితే చదివేవాళ్ళు తిడతారు, తిట్టాలి కూడా.

సమాచారం ఆవిడ దాకా ఎలా చేరుతుందన్నది చాలామందికి ఇబ్బంది. ఎస్‌ఐ ప్రేమలో పడి ఫైలు చూపించేయడం మాత్రం వద్దు, విసుగొచ్చేసింది. మన ఊళ్ళలో సమాచారం కాఫీ గ్లాసుతో వస్తుంది. హెడ్ కానిస్టేబుల్ పొద్దున్నే వచ్చి కూర్చున్నాడనుకోండి.

"బాబాయ్, పెసరట్టు వేయించమంటారా?"

"వద్దులేమ్మా, కాఫీ చాలు. రాత్రి నుంచి ఆసుపత్రి దగ్గరే నిలబడ్డాను."

"పోస్టుమార్టం ఇంకా అవలేదా పాపం?"

"అయింది. ఒంటిపూట మనిషి కడుపునిండా అన్నం తిని పోయాడంట... సరేగానీ, చక్కెర తక్కువెయ్యమను."

అంతే. ఆయన రహస్యం చెప్పాననుకోడు, ఆవిడ అడిగినట్టూ ఉండదు. చక్కెర దగ్గర మాట మార్చాడంటే నోరు జారానని ఆయనకి తెలిసిందన్నమాట. ఆ అమ్మాయి హెడ్‌ని బాబాయ్ అంటుంది, ఎస్‌ఐని మాత్రం సార్ అనే అంటుంది. ఈ తేడా చెడగొట్టకండి.

పోలీసుల పద్ధతి కూడా కొంత తెలిసి ఉండాలి. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి. ఆ తేదీ తర్వాత జరిగిన కథలో 302 సెక్షన్ అని రాస్తే తప్పు, హత్యకి ఇప్పుడు బీఎన్‌ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 103. శవం దొరకగానే ముందు అనుమానాస్పద మృతి కింద బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) 194తో కేసు కడతారు, పాత సీఆర్‌పీసీ 174 అదే. చుట్టుపక్కల పెద్దమనుషులు కనీసం ఇద్దరి ముందు శవ పంచనామా జరగాలి. ఆ ఇద్దరిలో ఒకరు హోటల్ నాన్నగారే అయితే? లేదా హంతకుడే పెద్దమనిషిగా సంతకం పెడితే? ఈ రెండోది నాకు భలే ఇష్టం, కానీ ఇప్పటిదాకా ఎవరూ సరిగ్గా వాడుకున్నట్టు నాకు కనపడలేదు.

ఇక ఆ క్యారేజీని మీ అమ్మాయి ఇంటికి తీసుకెళ్ళి బీరువాలో పెట్టకూడదు. ఆవిడ చేతికి వచ్చిన వస్తువు కోర్టులో నిలబడాలంటే ముట్టుకోకుండా ఉంచి, పోలీసుల్ని పిలిచి, సాక్షుల ముందు స్వాధీనం చేయించాలి. క్లీనర్ అలవాటుగా కడిగేయబోతుంటే ఆపడం అన్నది చిన్న సీనే, కానీ గుండె దడదడలాడేలా రాయొచ్చు. సీసీ కెమెరా ఫుటేజీ కాపీ అయితే సర్టిఫికెట్ లేకుండా సాక్ష్యంగా చెల్లదు, పైగా డిస్కు నిండాక పాతది చెరిగిపోతుంది, కాబట్టి అక్కడ కూడా గడువు ఉంది. కాల్ రికార్డులు పోలీసులే తెప్పించుకోవాలి, అదీ పై అధికారి అనుమతితో. కజిన్ టెలికాం కంపెనీలో పనిచేస్తున్నాడు కాబట్టి ఇచ్చేశాడు అని రాసేవాళ్ళకి దండం.

క్లైమాక్స్ దగ్గర అందరినీ హోటల్లో కూర్చోబెట్టి, ఎస్‌ఐ పక్కన నిలబడి ఉండగా హంతకుడు గడగడా ఒప్పేసుకుంటాడు. చప్పట్లు. కోర్టులో అది నిలబడదు. పోలీసుల దగ్గర ఇచ్చిన వాంగ్మూలం నేరస్థుడి మీద వాడటానికి వీల్లేదు, దాని వల్ల ఏదైనా వస్తువు దొరికితే ఆ మేరకు మాత్రం పనికొస్తుంది. అందుకే నోటు దాచిన చోటు ముఖ్యం. అతను చూపించిన చోట ఆ ప్రామిసరీ నోటు దొరకాలి, లేదా సగం కాలిన ముక్క అయినా దొరకాలి. పోలీసులు రాకముందే, ఖాళీ హోటల్లో, గల్లా దగ్గర అమ్మాయితో అన్న మాటకి కొంత విలువ ఉంటుంది, అదీ వేరే ఆధారం తోడైతేనే. రాత్రి షట్టరు సగం దించి, చివరి కస్టమర్‌గా ఆయనొక్కడే మిగిలిన సీను రాయండి. కత్తులూ తుపాకులూ అక్కర్లేదు. ఆవిడ క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటీ బల్ల మీద పేరుస్తుంటే ఆయన చట్నీ గిన్నె తీసి అడుగున పెడితే చాలు.

నిజ జీవితంలో కూడా మామూలు మనుషుల కళ్ళకే ముందు చిక్కుతాయి ఇవి. 1995 జులైలో ఢిల్లీలో జరిగిన తందూరు కేసు గుర్తుందా, రాజకీయ నాయకుడొకడు భార్యని కాల్చి చంపి, శవాన్ని రెస్టారెంటు తందూరులో కాల్చేయబోయాడు. మంటలు చూసి అనుమానపడింది బయట కూరగాయలమ్మే ఆవిడ, బీటులో ఉన్న ఒక కానిస్టేబులు. మొదటి పోస్టుమార్టంలో కనపడని తూటాలు రెండోసారి చేస్తే బయటపడ్డాయి, శవం ఎవరిదో తేల్చిన డీఎన్‌ఏ పరీక్ష మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో జరిగింది. ఇందులో మీకు పనికొచ్చేవి రెండు. వాసన, పొగ, వేళ తప్పి వెలిగిన పొయ్యి లాంటివి హోటల్ పక్కన బతికేవాళ్ళే పసిగడతారు. మొదటి రిపోర్టు తప్పు కూడా కావచ్చు.

రెండో హత్య కావాలంటే పెట్టండి, మూడోది మాత్రం వద్దు. మూడు శవాలు పడ్డాక ఆ హోటల్లో ఇడ్లీ ఎవరు తింటారు, మీ అమ్మాయి కాఫీ ఇచ్చి ఎవరితో మాట్లాడిస్తుంది? రెండోవాడు ఏదో చూసినవాడై ఉండాలి, కానీ తను చూసిందేమిటో వాడికే తెలియకూడదు. లాడ్జి వాచ్‌మన్ సరిపోతాడు. క్యారేజీ కుర్రాడిని చంపేవాళ్ళుంటారు, నాకు నచ్చదు, చదివేవాళ్ళ కన్నీళ్ళ కోసం పిల్లల్ని చంపడం బద్ధకం. అలాగే ఒడిశా నుంచి వచ్చిన వంటవాడినో, క్లీనర్‌నో మొదట పోలీసులు పట్టుకెళ్ళడం నిజంగా జరిగేదే, రాయండి, కానీ చివరికి వాడే హంతకుడని తేల్చకండి. ఊరు అప్పటికే వాడి మీద వేసిన నిందని మీరు కూడా వేసినట్టవుతుంది.

రాయడం అయ్యాక ఇద్దరికి చదవడానికివ్వండి. టిఫిన్ హోటల్ నడిపే మనిషికొకసారి, పోలీస్ స్టేషన్లో రైటరుగా చేసి రిటైరైన వాళ్ళకొకసారి. మొదటివాళ్ళు పిండి ఎప్పుడు రుబ్బుతారో దగ్గర మిమ్మల్ని పట్టుకుంటారు, రెండోవాళ్ళు పంచనామా దగ్గర. ఊళ్ళో నిజంగా జరిగిన కేసు ఏదైనా మనసులో ఉంటే పేర్లు, వీధి, హోటల్ బోర్డు అన్నీ మార్చేయండి, పోయినవాళ్ళ పిల్లలు అదే ఊళ్ళో ఉంటారు.